నూట అరవై కిలోల బండి

త్రినాథరావు ముప్పై మూడేళ్లు నీటిపారుదల శాఖలో తూములు గీశాడు. తూములు, కల్వర్టులు, కాలవల మీద ఎడ్లబండ్లు దాటే చిన్న వంతెనలు. ఒక్కటీ కదిలేది కాదు, కదిలిందంటే ఎవరి ఉద్యోగమో ఊడేది. ఆయన గీసిన గీత ఎక్కడా లావెక్కదు, ఎక్కడా సన్నబడదు అని ఆఫీసంతా చెప్పుకునేది. కానీ కాగితం అడుగున గడుల్లో సంతకాలు మాత్రం ఇంజనీర్లవి. గీసినవాడికి రెండు పొడి అక్షరాల చోటు ఒక మూల ఉండేది, అది కూడా నకళ్లు తీసేటప్పుడు అంచుతోపాటు కత్తెరపాలయ్యేది. కోనసీమలో ఏ కాలవ గట్టు మీద నడిచినా ఆయన తన తూముల్ని గుర్తుపడతాడు. అవి ఆయనవని ఇంకెవరికీ తెలియదు.

అందుకే రిటైరై, దిల్‌సుఖ్‌నగర్ వెనక సందులో కట్టుకున్న ఇంట్లో కుదురుకున్నాక, అరవై ఒకటో ఏట ఆయనకు బండి పిచ్చి పట్టింది. నవ్వకండి. కొందరికి ఆ వయసులో భక్తి పడుతుంది, కొందరికి వాస్తు పడుతుంది. ఈయనకు మూడు చక్రాల బండి పట్టింది. పెట్రోలు ధర ఎప్పుడు పెరుగుతుందో తెలియని రోజులవి. ఆటోలో మీటరు వేయమంటే డ్రైవరు మనల్ని ఎగాదిగా చూసేవాడు. త్రినాథరావు లెక్క సులువు. ఆటో పెట్రోలు ఎందుకు తాగుతుంది? బరువుంది గనక. బరువెందుకుంది? ఎవరూ ఓపిగ్గా కూర్చుని గీయలేదు గనక. ఏడాదిన్నర కూర్చుని గీశాడు. సన్నటి ఇనుప గొట్టాల చట్రం, అల్యూమినియం రేకు, ముందు ఒక చక్రం, వెనక రెండు, పాత మోటారుసైకిలు ఇంజను. బండి బరువు నూట అరవై కిలోలు. మనుషులు ముగ్గురు, తలకి డెబ్బై చొప్పున రెండువందల పది. మొత్తం మూడువందల డెబ్బై. లీటరుకి నలభై ఐదు కిలోమీటర్లు.

దాన్ని తయారుచేసే పని రామస్వామికి అప్పజెప్పాడు. రామస్వామిది మునుగోడు దగ్గర పల్లె. ఎల్బీనగర్ రింగురోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఇరవై రెండేళ్లుగా ఆటోలు బాగుచేస్తున్నాడు. ఏ బండి ఎక్కడ విరుగుతుందో విరగకముందే చెప్పగలడు. మొదటిరోజు బొమ్మను రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ముగ్గురేనా సార్?" అన్నాడు.

ముగ్గురేనన్నాడు త్రినాథరావు. రామస్వామి ఇంకేదో అనబోయి, మింగేసి, బొమ్మ మస్తుగున్నదని మాత్రం అన్నాడు.

ఆ తర్వాత చిల్లులు మొదలయ్యాయి. బరువు తగ్గాలంటే పనిలేని చోట ఇనుము ఉండకూడదని త్రినాథరావు సిద్ధాంతం. రోజూ పొద్దున పెన్సిలు చెవిలో పెట్టుకుని షెడ్డుకి వచ్చి, ఎక్కడెక్కడ చిల్లు పెట్టాలో గుండ్రాలు చుట్టి పోయేవాడు. కాళ్లు పెట్టుకునే పలకకు చిల్లులు, సీటు కింది రేకుకి చిల్లులు, బ్రేకు పెడలుకి చిల్లులు, హారను బిగించే పట్టీకి కూడా రెండు. బండి జల్లెడలా తయారైంది. ఒకరోజు రామస్వామి చాయ్ తాగే స్టూలు మీద కూడా పెన్సిలు గుండ్రాలు కనిపించాయి. అది బండిలోది కాదు సార్ అని అతను నచ్చజెప్పుకోవాల్సి వచ్చింది.

చర్లపల్లిలో ఆటో సామాన్లు చేసే ఒక ఫ్యాక్టరీ నుంచి ఇంజనీరు వచ్చి బొమ్మ చూశాడు. అతనికి నచ్చింది. మొత్తం బరువు మూడువందల డెబ్బై దాటకుండా, లీటరుకి నలభై ఐదు ఇస్తే, తామే తయారుచేసి అమ్ముతామన్నాడు. అంతేకాదు, ప్రతి బండికీ హ్యాండిలు ముందు ఒక ఇత్తడి బిళ్ల బిగిస్తామని, దాని మీద ఏముంటుందో అక్కడికక్కడే తెల్లకాగితం మీద రాసి చూపించాడు: డిజైన్ - ముత్యాల త్రినాథరావు. ఆ రోజు త్రినాథరావు ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచే వచ్చాడు. దారిపొడుగునా తన పేరును తనే లోపల చదువుకున్నాడు. అన్నేళ్లుగా కడుపులో దాచుకున్న కోరిక ఇదేనని ఆయనకు ఆ నడకలోనే స్పష్టంగా తెలిసింది. ఇది గనక తప్పిపోతే ఇంకొకటి గీసే ఓపిక లేదని కూడా తెలిసింది.

ఇంజనీరు ఒక షరతు పెట్టాడు. పరీక్ష రోజున గీసినవాడు, చేసినవాడు, కొనేవాడు ముగ్గురూ బండిలో ఉండాలి. గీసినవాడే ఎక్కని బండిని ఊళ్లోవాళ్లెందుకు ఎక్కాలని అతని వాదన. కొత్తపేటలో తూచి, హయత్‌నగర్ దాకా తోలి చూస్తారు. పాతిక రోజులు గడువు.

షరతు న్యాయంగానే ఉంది. చిక్కల్లా ఆ ముగ్గురితోనే. ఇంజనీరు సరిగ్గా డెబ్బై, రామస్వామి యాభై ఎనిమిది. త్రినాథరావు దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు దగ్గర మందుల షాపు ముందున్న రంగుల లైట్ల మిషనెక్కి రూపాయి వేశాడు. బరువూ జాతకమూ ఒకే అట్టముక్క మీద వచ్చాయి. తొంభై నాలుగు కిలోలు. మీ మంచితనమే మీకు శత్రువు. జాతకాన్ని పక్కనపెట్టి ఆయన బరువును కూడాడు. ముగ్గురూ కలిసి రెండువందల ఇరవై రెండు. పన్నెండు కిలోలు ఎక్కువ. బండికి ఇంక చిల్లు పెట్టే చోటు లేదు. మిగిలింది తన ఒళ్లే.

వెంకాయమ్మ ఉన్న ఇంట్లో ఒళ్లు తగ్గించడం మాటలు కాదు. ఆవిడ వడ్డన అమలాపురం వడ్డన. చాలు అంటే ఇంకో గరిటె, వద్దు అంటే రెండు. విస్తట్లో ఏదైనా మిగిలితే ఉప్పెక్కువైందా, కారం తక్కువైందా, మా పుట్టింటివాళ్ల మీద కోపమా అని సాయంత్రం దాకా విచారణ. పెళ్లైన ముప్పై నాలుగేళ్లలో త్రినాథరావు ఒక్కపూట కూడా ఆకలితో లేవలేదు. తినకపోవడం గౌరవంగా చెల్లే చోటు ఊళ్లో ఎక్కడుందా అని ఆలోచించాడు. ఎల్బీనగర్ చౌరస్తాలో దొరికింది.

అది సకల జనుల సమ్మె కాలం. ఆఫీసులు మూత, బడులు మూత, బస్సులు డిపోల్లో. చౌరస్తాలో షామియానా వేసి, పరుపులు పరిచి, తెలంగాణ కోసం రిలే నిరాహార దీక్షలు నడుపుతున్నారు. రోజుకో సంఘం వచ్చి పొద్దున పదింటికి కూర్చుంటుంది, సాయంత్రం అయిదింటికి నిమ్మరసం తాగి లేస్తుంది. శిబిరం నడిపే మహిపాల్ ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరరు. సమ్మెతో కాలేజీ మూతపడ్డాక శిబిరమే అతని కాలేజీ అయింది. త్రినాథరావు వెళ్లి, నేనూ కూర్చుంటానండీ అని అడిగాడు. ఆ 'అండీ' వినగానే మహిపాల్ తలెత్తి చూశాడు. ఏ ఊరని అడిగాడు. అమలాపురం దగ్గర అన్నాడు ఈయన, అబద్ధమాడడం చేతకాక. మహిపాల్ కళ్లలో నీళ్లు తిరిగాయి. బరువు సంగతి చెప్పే సందివ్వకుండానే మెళ్లో బంతిపూల దండ వేసి, మైకు పట్టుకున్నాడు.

"అమలాపురం సారు మన కోసం పస్తు కూసుంటున్నడు. గిది జర సూడుండ్రి," అన్నాడు.

చప్పట్లు పడ్డాయి. త్రినాథరావుకు రాష్ట్రం ఒకటుండాలా రెండుండాలా అన్న విషయంలో పెద్ద పట్టింపు లేదు. రెండు వైపుల వాదనలూ విన్నప్పుడల్లా రెండూ సబబుగానే తోచేవి. కానీ మెడలో దండ పడ్డాక ఇప్పుడు కాదంటే బావుండదు. పైగా ఆ దండ రెండు కిలోలైనా ఉంటుందని ఆయన మనసు లెక్కవేసింది. మెల్లగా తీసి పక్కన పెట్టుకున్నాడు.

దీక్ష సంగతి తెలియనివాడికి అందులో ఉన్న తిరకాసు ఏం తెలుస్తుంది? రిలే అంటే ఇవాళ కూర్చున్నవాడు రేపు కూర్చోకూడదు. త్రినాథరావుకు రోజూ కావాలి. అందుకని ఏ సంఘం వస్తే ఆ సంఘంలో చేరిపోయాడు. ఒకరోజు ఫొటోగ్రాఫర్లతో, మర్నాడు టైలర్లతో, ఆ మర్నాడు టెంటుహౌసుల వాళ్లతో, తర్వాత వకీళ్లతో. బోర్డు మీద సుద్దముక్కతో రాసే పేర్లలో చివరి పేరు ఎప్పుడూ ఆయనదే. వకీళ్లు ఆయన్ని పాత టైలరనుకున్నారు. టైలర్లు మాత్రం ఏ ఫొటో స్టూడియో సార్ మీదని అడిగారు.

కష్టం లేకపోలేదు. అయిదో రోజు రోడ్డు మీదే వంటా వార్పు పెట్టారు. రాష్ట్రం వచ్చేదాకా రోడ్డే మా వంటిల్లు అని, మూడు రాళ్ల మీద గుండిగలెక్కించి, షామియానాకు ఎదురుగానే టమాటా పప్పు, బగారన్నం వండారు. గాలి ఇటే కొట్టింది. త్రినాథరావు కళ్లు మూసుకుని మూడువందల డెబ్బై, మూడువందల డెబ్బై అని జపం చేశాడు. పక్కన కూర్చున్న పెద్దమనిషి అదేదో జీవో నంబరనుకుని తనూ అందుకున్నాడు. కాసేపటికి శిబిరమంతా ఆ అంకె మారుమోగింది.

ఇంత చేసీ పదో రోజున మిషనెక్కితే అట్టముక్క మీద తొంభై మూడు వచ్చింది. ఎందుకు తగ్గుతాడు? పొద్దున ఇంట్లో నాలుగు పెసరట్లు తిని వస్తున్నాడు, సాయంత్రం శిబిరంలో చక్కెర దట్టించిన నిమ్మరసం, రాత్రికి వెంకాయమ్మ చేతి భోజనం. ఇంట్లో ఏమని చెప్పాడంటే, షెడ్డులో బండి పని ఉంది, మధ్యాహ్నం అక్కడే తింటున్నానని. ఆ అబద్ధం పదకొండో రోజున తెల్లారింది. ఏదో చానెల్లో దండతో సహా ఆయన్ని చూపించారు. అది అమలాపురంలో సమైక్యాంధ్ర శిబిరంలో కూర్చున్న వెంకాయమ్మ అన్నగారు చూశారు. ఇక్కడ నేను కూర్చున్నాను, అక్కడ మీ ఆయన కూర్చున్నాడు, నువ్వు ఎవరి తరఫునో తేల్చుకో అని ఆయన చెల్లెలికి ఫోను చేసి పెట్టేశాడు.

త్రినాథరావు ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాడు. తను కూర్చుంది రాష్ట్రం కోసం కాదని, బరువు కోసమని, ఇత్తడి బిళ్ల కోసమని. మనిషి నిజం చెప్పినప్పుడు అది నమ్మేటట్టు ఉండాలి కదా. వెంకాయమ్మ నమ్మలేదు. నమ్మాక ఇంకా ఎక్కువ బాధపడింది.

"నా చేతి అన్నం వద్దని చెప్పడానికి మీకు ఒక ఉద్యమం కావాల్సొచ్చిందాండీ?" అంది.

మర్నాడు పొద్దున చూస్తే వరండాలో చాప, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు అట్టముక్క: సమైక్యాంధ్ర కోసం రిలే నిరాహార దీక్ష. చాప మీద వెంకాయమ్మ కూర్చుని ఉంది. పక్కింటి కౌసల్యమ్మ సంఘీభావం తెలుపుతూ కుర్చీలో ఉంది. కౌసల్యమ్మది సూర్యాపేట. ఆవిడకు తెలంగాణ రావాలనే ఉంది గానీ వెంకాయమ్మ ఒక్కతీ కూర్చుంటే చూడలేక వచ్చింది. రిలే పద్ధతి వాళ్లకు బాగా అర్థమైంది. ఒకరు కూర్చుంటే ఇంకొకరు కౌసల్యమ్మ ఇంటికెళ్లి తిని వస్తారు. స్టవ్వు మాత్రం త్రినాథరావు ఇంట్లో వెలగలేదు. బందు పుణ్యమా అని హోటళ్లూ లేవు. ఇంట్లో ఒక శిబిరం, చౌరస్తాలో ఒక శిబిరం, నడుమ మూడు కిలోమీటర్లు నడక. త్రినాథరావు నిజంగా పస్తులున్నది ఆ పద్నాలుగు రోజులే. ప్యాంటుకు తాడు కట్టుకోవాల్సి వచ్చింది. మిషను ఎనభై ఎనిమిదంది, ఎనభై అయిదంది, పరీక్ష రోజు పొద్దున ఎనభై రెండంది. ఆయనకు ఒళ్లు తూలుతున్నా మనసు గాల్లో తేలింది.

కొత్తపేటలో బత్తాయిలు తూచే ఒక కాంటా మీదికి బండిని ఎక్కించారు. ఇంజనీరు కాగితం, పెన్ను తీశాడు. కాంటా మనిషి రాళ్లు సర్ది, ముల్లు చూసి, గట్టిగా అరిచాడు. "తరుగు పోను నూట తొంభై ఒకటి."

తరుగేమిటని ఇంజనీరు అడిగాడు. కుళ్లినవీ నలిగినవీ ఉంటాయి కదా, నూటికి అయిదు తీసేసి చెప్పడం అలవాటన్నాడు కాంటా మనిషి. తరుగు కలిపితే రెండువందల ఒకటి. త్రినాథరావు కాంటా తప్పన్నాడు. బండిని దింపించి తను ఎక్కాడు. కాంటా మనిషి మళ్లీ అలవాటుగా తరుగు తీయబోతే ఆపి అసలు అంకె అడిగాడు. ఎనభై రెండు. కాంటా నిజమే చెబుతోంది. ప్రతి గొట్టాన్నీ, ప్రతి రేకునీ పట్టికలు చూసి ఎనిమిదిసార్లు కూడిన లెక్కలో నలభై ఒక్క కిలోలు ఎక్కడినుంచి వచ్చాయి? తయారైన బండిని ఒక్కసారి కూడా తూచలేదని ఆయనకు అప్పుడు తట్టింది. గీసినవాడికి బొమ్మే సత్యం. బొమ్మలో నూట అరవై ఉంటే నూట అరవయ్యే.

ఇంజనీరు మంచివాడే. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఆరోగ్యం జాగ్రత్త సార్, బాగా చిక్కిపోయారని చెప్పి తన మోటారుసైకిలెక్కి చర్లపల్లి దారి పట్టాడు.

రామస్వామి తల వంచుకుని బండి స్టార్టు చేశాడు. త్రినాథరావు ఎక్కి వెనక సీట్లో కూర్చున్నాడు. అష్టలక్ష్మి గుడి కమాను దాటారు. తర్వాత రామస్వామే బండి పక్కకు ఆపి, వెనక్కి తిరక్కుండా చెప్పాడు.

"పైపుల పైపు దూర్చిన సార్. బయిటికి మీరు గీసిందే కనవడ్తది. లోపట ఇంకోటున్నది."

"ఎందుకు చేశావయ్యా?"

"మీ బొమ్మల ముగ్గురే కూసున్నరు. ముగ్గురితోని పోయే ఆటో ఈ రోడ్డు మీద నేనైతే చూడలే. బండి నడుమకు ఇరిగితే సచ్చేది ఎవలు సార్? నేను జెప్తే మీరు ఇనకపోదురు."

త్రినాథరావుకు ఏడుపొచ్చింది. కోపమొస్తే బావుండేది. "నేను అన్నం మానేశాను రామస్వామీ. ఇంట్లో పొయ్యి ఆరిపోయింది. ఒక్క మాట చెప్పి ఉంటే..." అని ఆగిపోయాడు. చెప్పి ఉంటే ఆ రోజే షెడ్డు మార్చి ఉండేవాడు. అది ఇద్దరికీ తెలుసు. రామస్వామి తుండుగుడ్డతో మొహం తుడుచుకుని, మీరు దినాం జర జర తగ్గుకుంట షెడ్డు ముందటికెళ్లి పోతుంటే నాకు బుక్క దిగలే సార్ అన్నాడు. అతనూ చిక్కిపోయి ఉన్నాడని త్రినాథరావు అప్పుడే గమనించాడు.

ఎల్బీనగర్ చౌరస్తాలో రాస్తారోకో. రోడ్డుకు అడ్డంగా జనం బైఠాయించారు. బస్సులు లేక, ఆటోలు లేక, హయత్‌నగర్ వైపు పోవాల్సినవాళ్లు పొద్దుటినుంచి ఎండలో నిలబడి ఉన్నారు. మహిపాల్ బండిలో త్రినాథరావును చూసి జనాన్ని పక్కకు జరిపాడు. మన సారు బండి, పోనీయుండ్రని దారిచ్చాడు. దారివ్వడమే తరువాయి, ఒకాయన వచ్చి హయత్‌నగర్ వస్తదా అని అడిగాడు. రామస్వామి త్రినాథరావు వైపు చూశాడు. త్రినాథరావు ఎటో చూశాడు. అది ఒప్పుకోలు కింద జమ. మొదట త్రినాథరావు పక్కన ఇద్దరితో వెనక సీటు నిండింది. తర్వాత సీటుకి ఎదురుగా ఇద్దరు ముడుచుకు కూర్చున్నారు. డ్రైవరుకి కుడిపక్క ఒకరు, ఎడమపక్క ఒకరు. వెనక కడ్డీ పట్టుకుని ఇద్దరు నిలబడ్డారు. మొత్తం పదిమందయ్యారు.

త్రినాథరావు ముందు లెక్క వేశాడు, తర్వాత మానేశాడు. ఇరుక్కుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే వంగి చట్రం వైపు చూశాడు. ఎక్కడ విరగాలో ఆయనకు తెలుసు. వెనక ఇరుసు మీదికొచ్చే అతుకు దగ్గర విరగాలి. విరగలేదు. కుంగను కూడా కుంగలేదు. ఆయన గీసిన వంపు గీసినట్టే ఉంది, రామస్వామి దూర్చిన ఇనుము దాని లోపల ఉంది. ఇంత అందంగా నిలబడగలదని ఆయనకే తెలియదు.

బండి కదలబోతుండగా లచ్చమ్మ అనే ముసలామె వచ్చింది. రైతుబజారులో ఆకుకూరలు అమ్ముకుని, ఖాళీ గంపలు రెండూ ఒకదాంట్లో ఒకటి పెట్టి నెత్తిన పెట్టుకుంది. పొద్దుగాల్నించి నిలబడ్డ బిడ్డా, కాళ్లు గుంజుతున్నయి అంది, ఎవరినీ ప్రత్యేకంగా అడగకుండా. పది మందిలో ఒక్కరూ జరగలేదు, జరగడానికి చోటూ లేదు. త్రినాథరావు దిగాడు. ఎనభై రెండు కిలోలు దిగి, నలభై కిలోల లచ్చమ్మ, ఒక జత గంపలు ఎక్కాయి. రామస్వామి వద్దు సార్, వద్దని వారిస్తుంటే, పోనియ్యవయ్యా, పెట్రోలు దండగ అని కసురుకున్నాడు.

బండి పోయింది. జనం దారిచ్చారు. రింగురోడ్డు మలుపు దాటి, హయత్‌నగర్ రోడ్డెక్కి, పదిమంది మాటలూ నవ్వులూ వేసుకుని, చిల్లుల రేకులోంచి ఎండ నేల మీద చుక్కలు చుక్కలుగా పడుతుంటే, దూరమవుతూ పోయింది. త్రినాథరావు రోడ్డు మధ్యలో నిలబడి చూశాడు. జీవితంలో మొదటిసారి ఆయన గీసింది ఒకటి కదిలి, ఆయన్ని వదిలి వెళ్తోంది. గుండె నిండిపోయింది. ఆకలి కూడా గుర్తురాలేదు.

అప్పుడు ట్రాఫిక్ కానిస్టేబులు వచ్చాడు. నంబరు ప్లేటు మీద ఉత్త టీజీ అని తప్ప ఒక్క అంకె లేని బండి, పైన పదిమంది. ఇంత అన్యాయం తన కళ్లముందే జరిగితే చూస్తూ ఊరుకోలేడు కదా. బండి అందలేదు, మనిషి అందాడు. ఆ బండి ఎవలదని అడుగుతూ పుస్తకం తీశాడు. మహిపాల్ పరుగెత్తుకుంటూ వచ్చి అడ్డం పడ్డాడు. సారు ఉద్యమంల ఇరవై నాలుగు దినాలు పస్తున్నడు, కేసు గీసు రాస్తే చౌరస్తా ఊకోదని చెప్పాడు. కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు. కానిస్టేబులు వాళ్లను చూశాడు, చిక్కిపోయిన ముసలాయన్ని చూశాడు, సరే పొండ్రి సార్ అని పుస్తకం మూసేశాడు.

"రాయండి," అన్నాడు త్రినాథరావు.

వదిలేసిన కదా సార్, పొమ్మన్నాడు కానిస్టేబులు. వదిలేయడానికి వీల్లేదన్నాడు త్రినాథరావు. అది నంబరు లేని బండి, పదిమందిని ఎక్కించుకుంది, ప్రభుత్వ పుస్తకంలో ఎక్కాలన్నాడు. మహిపాల్‌కు ఏమీ అర్థం కాలేదు. సారుకు ఎండదెబ్బ తగిలిందని నీళ్లు తెప్పించాడు. నీళ్లు తాగలేదు. కేసు రాసేదాకా కదిలేది లేదని చెప్పి, ప్యాంటు తాడు బిగించుకుని, షామియానా కింద కాదు, నడిరోడ్డు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. రాష్ట్రం కోసం కూర్చున్న జనం ఇది ఎవరి తరఫు దీక్షో తేల్చుకోలేక ఆయన చుట్టూ మూగారు.

కానిస్టేబులుకు ఇంకో దారి లేకపోయింది. మళ్లీ పుస్తకం తెరిచి ఓనరు పేరు అడిగాడు. ఓనరు రామస్వామి, షెడ్డు ఇదే రోడ్డు మీదుంది, అది తర్వాత రాసుకోండి అన్నాడు త్రినాథరావు. డ్రైవరు పేరు అడిగితే అదీ రామస్వామే అన్నాడు.

"మరి మీరెవలు సార్ నడుమ?"

"గీసినవాణ్ణి. డిజైన్ అని రాసి, నా పేరు రాయండి."

ఇందులో గా గడి లేదన్నాడు కానిస్టేబులు. గడి లేకపోతే కింద ఖాళీలో రాయమన్నాడు ఆయన. కానిస్టేబులు చెమట తుడుచుకుని, కార్బన్ కాగితం సరిచేసుకుని, అడుగున ఖాళీలో రాశాడు. ముత్యాల అన్నచోట త కింద యావత్తు మర్చిపోతే త్రినాథరావు పెట్టించాడు. తర్వాత పెన్ను తీసుకుని, తొందరపడకుండా, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఒకే మందంతో, పొడి అక్షరాలు కాకుండా పూర్తి సంతకం పెట్టాడు. కింద కార్బన్ నకలు మీద కూడా సరిగా పడిందా అని కాగితమెత్తి చూశాడు. అక్కడా ఉంది.